కట్టెల సీజన్ నడుమ ఎస్1 నరం నొప్పి: బరువును కిలోల్లో రాసివ్వాల్సి వచ్చిన ఒక కేసు

రోగి 47 ఏళ్ల పురుషుడు. చలికాలమంతా ఇంటికి కట్టెల పొయ్యే ఆధారం. ఏటా తన కట్టెలు తానే కోసి, చీల్చి, పేర్చుకుంటారు. సీజన్ మొదలైన పదో రోజున నడుము పట్టేసింది. అప్పటికి కావలసిన కట్టెల్లో మూడో వంతే దొంతికెక్కింది, మిగతాదంతా దుంగలుగా నేలమీదే ఉంది. నొప్పి మొదలైన మూడో రోజున మా దగ్గరికి వచ్చారు. కుడి పిరుదు నుంచి తొడ వెనకగా, పిక్క మీదుగా చిటికెన వేలిదాకా లాగుతోందన్నారు.

ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చి ఈ కేసు రాస్తున్నాం. వెన్నుపూసల మధ్య ఉండే మెత్త, అంటే డిస్క్, జారి ఎస్1 నరాన్ని (నడుము కింది నుంచి పిక్కకు, పాదం బయటి అంచుకు వెళ్లే నరం) నొక్కడమే నిర్ధారణ. అందులో అరుదైనదేమీ లేదు. కానీ ఐదో వారంలో నొప్పి తిరగబెట్టింది. రోగి తొందరపడ్డారనుకోవడం తేలికే. కాగితాలు ముందు పెట్టుకుని చూస్తే లోపం మేం రాసిచ్చిన సూచనలోనే కనిపించింది. ఫిజియోథెరపీ చేసేవాళ్లకూ, కట్టెల పని చేసేవాళ్లకూ ఆ భాగమే ఎక్కువ పనికొస్తుంది.

ఆ రోజు ఏం జరిగింది

ఉదయం రెండు గంటలపాటు నేలమీద ఉన్న దుంగల్ని వంగి చైన్ రంపంతో కోశారు. రంపం ఆపిన వెంటనే, కోసిన మొద్దుల్ని ట్రాలీలోకి ఎత్తడం మొదలుపెట్టారు. ఒక్కో మొద్దు పొడవు 40 సెంటీమీటర్లు, అడ్డకొలత 30 సెంటీమీటర్లు. ట్రాలీ ఎడమపక్కన ఉంది, కాళ్లు కదపకుండా నడుము తిప్పి వేస్తున్నారు. "చురుక్కుమంది, కండరం పట్టిందనుకున్నాను" అన్నారు. మరో గంట పని చేశారు. మర్నాడు పొద్దున మంచం దిగేసరికి నడుము నొప్పి కంటే కాలి నొప్పి ఎక్కువగా ఉంది.

ఈ వరస మామూలే. డిస్క్ బయటి పొర చిరిగిన క్షణంలో పెద్ద నొప్పి రాకపోవచ్చు. నరం చుట్టూ వాపు పెరిగాక, కొన్ని గంటలకో మర్నాటికో కాలిలోకి దిగుతుంది. అందుకే "ఎత్తేటప్పుడు అంత నొప్పి రాలేదు కదా" అన్న మాట డిస్క్ సమస్యను కొట్టిపారేయడానికి చాలదు.

పరీక్షలో తేలినవి

కాలి నొప్పి 10కి 7, నడుము నొప్పి 4. దగ్గితే పిక్కలోకి కొట్టినట్టవుతోంది. వెల్లకిలా పడుకోబెట్టి కుడికాలు చాచి ఎత్తితే 40 డిగ్రీల దగ్గర అదే నొప్పి వచ్చింది. ఎడమకాలు ఎత్తినప్పుడు కూడా 60 డిగ్రీల దగ్గర కుడికాలే లాగింది. ఈ రెండోది అందరిలో కనిపించదు. కనిపిస్తే మాత్రం డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందన్న అనుమానం బాగా బలపడుతుంది. పాదం బయటి అంచున స్పర్శ మందగించింది. మడమ వెనక స్నాయువు మీద సుత్తితో తడితే ఎడమకాలు స్పందించింది, కుడికాలు స్పందించలేదు. బొటనవేలిని పైకి లేపే బలం రెండు వైపులా సమానం. అంటే దానికి పైనున్న ఎల్5 నరం బాగానే ఉంది, దెబ్బ ఎస్1 మీద. ఆస్వెస్ట్రీ స్కోరు (నడుము నొప్పి రోజువారీ పనులకు ఎంత అడ్డొస్తోందో ప్రశ్నలతో కొలిచేది, ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువ) 54 శాతం.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పిక్క బలాన్ని చేత్తో పాదం నొక్కి పరీక్షించి "బలం బాగుంది" అని రాసేస్తారు. పిక్క కండరం శరీరం బరువంతా ఎత్తగలిగేది. అందులో సగం బలం పోయినా పరీక్షించేవాడి చేతిని ఓడిస్తుంది. ఒంటికాలి మీద నిలబెట్టి, గోడకు వేళ్లు ఆనించుకోమని, మడమ ఎన్నిసార్లు పూర్తిగా లేపగలరో లెక్కపెట్టాలి. ఈయన ఎడమకాలి మీద 25 సార్లు లేపారు, కుడికాలి మీద 9 సార్లు. చేత్తో చూసినప్పుడు రెండూ సమానంగానే తోచాయి. ఈ ఒక్క లెక్క తర్వాత 14 వారాలూ మాకు దారి చూపింది.

ప్రమాద సూచనల గురించి చుట్టుతిప్పి అడగకూడదు. మూత్రం ధార మొదలవడానికి కష్టపడుతున్నారా, నిండినట్టు తెలుస్తోందా, మలవిసర్జన తర్వాత కడుక్కునేటప్పుడు ఆ చోట స్పర్శ మునుపటిలా ఉందా, రెండో కాలు కూడా మొద్దుబారుతోందా, లైంగికంగా ఏదైనా తేడా వచ్చిందా అని ఇవే మాటల్లో అడిగాం. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్, చాలాకాలం స్టెరాయిడ్ వాడకం ఏవీ లేవు. మూత్రం, స్పర్శ ప్రశ్నల్ని చీటీ మీద రాసిచ్చి, వాటిలో ఏది మొదలైనా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే, రాత్రయినా సరే, అత్యవసర విభాగానికి వెళ్లాలని చెప్పాం. వెన్నుపాము చివరి నరాల కట్ట నలిగినప్పుడు గంటలు లెక్కలోకి వస్తాయి.

ఎమ్మారై తీయించలేదు. ప్రమాద సూచనలు లేనప్పుడు, బలం దిగజారనప్పుడు మొదటి ఆరు వారాల్లో స్కాన్ వల్ల చికిత్స మారదు. పైగా నొప్పే లేనివాళ్లను స్కాన్ చేసినా ఇరవైల్లో దాదాపు 30 శాతం మందికి, ఎనభైల్లో 84 శాతం మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుందని 2015లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. "డిస్క్ జారింది" అన్న రిపోర్టు చేతికొచ్చాక వంగడానికే భయపడేవాళ్లను తిరిగి కదిలించడం కష్టం. మడమలు లేపే సంఖ్య మొదటి రోజు 9 కంటే పడిపోతే, లేదా ఆరు వారాలకూ పెరగకపోతే, అప్పుడు స్కానూ సర్జన్ అభిప్రాయమూ తీసుకుందామని మొదటి రోజే ఒప్పుకున్నాం.

"ఆపరేషన్ చేయించుకుంటే సీజన్ దక్కుతుందా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఆపరేషన్‌తో కాలి నొప్పి త్వరగా తగ్గుతుందన్నది నిజం. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లూ, ఆగి చూసినవాళ్లూ దాదాపు ఒకే చోట ఉంటారన్నదీ నిజం. ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని వారాలు బరువులెత్తనివ్వరు కాబట్టి, ఈ సీజన్ కోసమని చేయించుకోవడంలో అర్థం లేదు. అలాగే చెప్పాం.

మొద్దు బరువెంత, నడుము మోయగలిగేదెంత

పచ్చి గట్టి కలప ఘనమీటరుకు సుమారు 950 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన ఈయన ఎత్తిన మొద్దు 27 కిలోలు. 27 కిలోలు ఎత్తడం ఆరోగ్యవంతుడికి పెద్ద పనేమీ కాదనిపిస్తుంది. ఎలా ఎత్తారన్నదే తేడా తెస్తుంది.

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సవరించి ఇచ్చిన బరువుల సూత్రం 23 కిలోలతో మొదలవుతుంది. బరువు ఒంటికి దగ్గరగా, నడుమెత్తున, మెలిక లేకుండా, మంచి పట్టుతో ఉన్నప్పటి హద్దు అది. అక్కడినుంచి ప్రతి లోపానికీ కోత పడుతుంది. ఈయన విషయంలో మొద్దు చీలమండల నుంచి 45 సెంటీమీటర్ల ముందుంది: 0.56తో గుణించాలి. చేతులు నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నాయి: 0.835. నడుము 45 డిగ్రీలు తిరిగింది: 0.856. ఎత్తిన దూరం 60 సెంటీమీటర్లు: 0.895. నిమిషానికొకటి చొప్పున గంటసేపు: 0.94. గుండ్రటి తడి మొద్దుకు పట్టు సరిగా దొరకదు: 0.90. అన్నీ గుణిస్తే మిగిలేది సుమారు 7 కిలోలు. ఎత్తింది దానికి దాదాపు నాలుగు రెట్లు.

అదే మొద్దు 75 సెంటీమీటర్ల ఎత్తున్న బల్ల మీద, ఒంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉండి, పాదాలు తిప్పుకుని, నడుము తిప్పకుండా పక్కకు జరిపితే హద్దు 16 కిలోలకు పెరుగుతుంది. మనిషి అతనే, నడుము అదే. "మోకాళ్లు వంచు, నడుము నిటారుగా ఉంచు" అన్న సలహాకు మేం అంత విలువ ఇవ్వకపోవడానికి కారణం ఇదే. లావుపాటి మొద్దు దగ్గర మోకాళ్లు వంచితే ఆ మోకాళ్లే అడ్డొచ్చి మొద్దును ఇంకా ముందుకు నెడతాయి. ఆ దూరం వల్ల నడుము మీద పడే భారం, నిటారు నడుముతో వచ్చే లాభాన్ని మింగేస్తుంది. దూరం, ఎత్తు, మెలిక ముందు సరిచేయాలి. నడుము ఆకారం సంగతి ఆ తర్వాత. బెల్టు కట్టుకుంటే దెబ్బ తగలదన్న నమ్మకానికి ఆధారం లేదు.

ఇంకొక కారణం కోత పనిలో ఉంది. ఇరవై నిమిషాలు వంగి ఉంటేనే వెన్ను వెనకభాగంలోని స్నాయువులు సాగుతాయి. నిటారుగా నిలబడ్డాక మొదటి రెండు నిమిషాల్లో సగం సర్దుకుంటాయి కానీ, పూర్తిగా సర్దుకోవడానికి అరగంట కూడా చాలదు. ఈయన రెండు గంటలు వంగి, రంపం ఆపి, ఆ క్షణమే ఎత్తడం మొదలుపెట్టారు.

మొదటి రెండు వారాలు

పడక విశ్రాంతి చెప్పలేదు. నొప్పి మరీ ఉంటే ఒకటి రెండు రోజులు ఎక్కువసేపు పడుకోవచ్చు, అంతకు మించితే కోలుకోవడమే ఆలస్యమవుతుంది. రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి 8 నిమిషాల చదును నడక. కూర్చోవడం 20 నిమిషాలకు మించకూడదు.

బోర్లా పడుకుని, చేతులతో నొక్కుతూ ఛాతీ మాత్రమే లేపే కదలికను పరీక్షగా చేయించాం. పది సార్లకే చిటికెన వేలి దగ్గరి నొప్పి పిక్కదాకా వెనక్కి తగ్గింది, నడుములో మాత్రం కాస్త పెరిగింది. నొప్పి ఇలా చివరినుంచి వెన్ను వైపు జరగడం మంచి సూచన. నడుము నొప్పి పెరిగిందని భయపడి రోగులు మానేస్తుంటారు, ముందే చెప్పి ఉంచాలి. మూడు గంటలకోసారి పది సార్లు చేయమన్నాం. నొప్పి పాదం వైపు దిగితే మాత్రం వెంటనే ఆపాలి.

నిద్ర లేచాక మొదటి గంటలో వంగకూడదన్నది ఈ రెండు వారాల్లో అన్నిటికంటే గట్టిగా చెప్పిన మాట. రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. పొద్దున వంగితే వాటి మీద ఒత్తిడి పగటి కంటే చాలా ఎక్కువ. సాక్సులు వేసుకోవడం, పొయ్యి అంటించడం, బూట్ల లేసులు కట్టుకోవడం అన్నీ ఆ గంట తర్వాతే.

మందుల సంగతి వైద్యుడు చూశారు. కడుపు, మూత్రపిండాల సమస్యలు లేవని తేల్చుకుని వాపు తగ్గించే మాత్ర వారం రోజులు ఇచ్చారు. సయాటికాకు (నడుము నుంచి కాలిలోకి దిగే ఇలాంటి నరం నొప్పికి) ప్రెగాబాలిన్ అనే నరాల మందు బాగా వాడుకలో ఉంది. 2017లో వచ్చిన పరీక్ష ఫలితాల్లో అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు, తలతిరుగుడు మాత్రం ఎక్కువైంది. కట్టెల పని చేసేవారి విషయంలో ఇంకో మాట కూడా రాయాలి: కండరాలు సడలించే మాత్ర గానీ ట్రమడాల్ అనే నొప్పి మాత్ర గానీ వేసుకున్న రోజున రంపం, గొడ్డలి, చీల్చే మిషన్ ఏదీ ముట్టకూడదు. చీటీలో మందు పేరు పక్కనే దీన్ని రాయించాం.

రెండో వారం చివర ఆస్వెస్ట్రీ 40, మడమలు లేపడం 11.

కట్టెల గురించి ఏం చేశాం

"కట్టెలు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆరోగ్యం" అని చెప్పి పంపేస్తే ఈ రోగి వినరు, వినకపోవడంలో తప్పూ లేదు. కట్టె సరిగా మండాలంటే తేమ 20 శాతం లోపు ఉండాలి. పచ్చి కట్టె వేస్తే వేడిలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. పొగగొట్టంలో తారులాంటి మసి పేరుకుని, అంటుకునే ప్రమాదం కూడా ఉంది. ఇప్పుడు కోసి చీల్చకపోతే చలికాలానికి ఎండదు. అందుకే కట్టెల పనిని కూడా చికిత్స ప్రణాళికలోకే తెచ్చాం.

మొదట కావలసినది లెక్కపెట్టాం. ఏడాదికి పేర్చిన కట్టె 6 ఘనమీటర్లు. ఖాళీలు తీసేస్తే అందులో అసలు కలప సుమారు 4.2 ఘనమీటర్లు, పచ్చిగా 4 టన్నులు. ఒక్కో ముక్కను ఎన్నిసార్లు చేత్తో ఎత్తుతున్నారో చెప్పమంటే ఆరు తేలాయి: నేల నుంచి ట్రాలీకి, ట్రాలీ నుంచి నేలకు, నేల నుంచి చీల్చే దిమ్మ మీదికి, చీలాక కుప్పకు, కుప్ప నుంచి దొంతికి, దొంతి నుంచి ఇంట్లోకి. కట్టె ఎండి తేలికవడాన్ని లెక్కలోకి తీసుకున్నా సీజన్‌కు 20 టన్నులు దాటుతుంది. ఆ అంకె చూసి ఆయనే ఆశ్చర్యపోయారు.

తర్వాత ఈ చలికాలానికి అక్కర్లేనిది తీసేశాం. మిగిలిన దుంగల్లో దాదాపు 1.5 ఘనమీటర్ల కట్టెకు సరిపడా ఓక్. చీల్చి పేర్చినా అది ఎండడానికి రెండేళ్లు పట్టొచ్చు, ఈ ఏడు పొయ్యిలోకి ఎలాగూ రాదు. దుంగల్ని రెండు అడ్డకర్రల మీద నేలకు తగలకుండా పెట్టించి, పొడవుగానే వదిలేయమన్నాం. నేలమీద వదిలితే అడుగు భాగం కుళ్లుతుంది. మిగతా 2.5 ఘనమీటర్లు యాష్, పైన్ చెట్ల కలప. ఇవి త్వరగా ఎండుతాయి, పని వీటికే.

తేమ ఎక్కువగా బయటికి పోయేది కోసిన చివరల నుంచి. నార వెంబడి నీరు కదిలే వేగం, నారకు అడ్డంగా కదిలే వేగం కంటే పది రెట్లకు పైనే. కాబట్టి పొట్టిగా కోయడం, చీల్చడం ఇప్పుడు ఆగకూడని పనులు. అందంగా పేర్చడం ఆగొచ్చు. బంధువులు ఇద్దరు రెండు రోజులు వచ్చి కోయడం, హైడ్రాలిక్ మిషన్‌తో చీల్చడం చాలావరకు చేశారు. పేళ్లను నేలమీద కుప్ప పోయకుండా, నడుమెత్తున్న బల్ల మీదికి పడేలా మిషన్‌ను అమర్చారు.

ఇక్కడ ఒక ప్రమాదాన్ని ఆపాల్సి వచ్చింది. "మీరు మోయొద్దు, లీవరు మాత్రం నొక్కండి" అని రోగికి ఆ పని అప్పజెప్పబోయారు. ఒకరు మొద్దు పట్టుకుని మరొకరు లీవరు నొక్కితే వేళ్లు తెగుతాయి. చీల్చే మిషన్ దగ్గర మొద్దు పెట్టే చెయ్యీ లీవరు నొక్కే చెయ్యీ ఒకే మనిషివి కావాలి. రోగికి ఇచ్చిన పని వేరు: తాజాగా చీల్చిన ముఖం నడుమ తేమ మీటరు గుచ్చి ఎండిన, ఎండని గుంపులు గుర్తుపెట్టడం, మూడో వారం నుంచి బల్ల మీది పేళ్లను రెండేసి కిలోల చొప్పున మోకాలి నుంచి ఛాతీ ఎత్తు మధ్య పేర్చడం. చివరల్లో కొలిస్తే తేమ తక్కువ చూపించి మోసం చేస్తుంది.

మూడు, నాలుగు వారాలు

నడకను 25 నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లకు పెంచాం. తుంటి దగ్గర మడిచి వంగడం నేర్పడానికి చీపురుకర్రను వెన్నుకు ఆనించాం. తల వెనక, భుజాల మధ్య, పిరుదుల మధ్య మూడుచోట్లా కర్ర తగులుతూనే ఉండాలి. 60 సెంటీమీటర్ల ఎత్తున్న పెట్టె మీది నుంచి 8 కిలోలతో మొదలుపెట్టి 12 కిలోల దాకా, రోజుకు 20 ఎత్తులు. ఒంటికాలి మీద మడమ లేపడం రోజు విడిచి రోజు మూడు విడతలు. నరం కదలికకు, కూర్చుని మోకాలు చాచేటప్పుడు తల పైకెత్తడం, మడిచేటప్పుడు తల దించడం చేయించాం. నరాన్ని తలవైపూ పాదంవైపూ ఒకేసారి లాగే పద్ధతి ఈ దశలో దాన్ని రేపుతుంది.

నాలుగో వారం చివర కాలి నొప్పి 2, ఆస్వెస్ట్రీ 28, మడమలు 15. ఆ రోజు ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది: "రోజూ అరగంట తేలికపాటి కట్టెల పని మొదలుపెట్టవచ్చు."

ఐదో వారం

పొద్దున లేచిన అరగంటకు, చీల్చకుండా మిగిలిపోయిన మొద్దుల్ని ట్రాలీలోకి ఎత్తారు. సగటు బరువు 20 కిలోలు, మొత్తం 40 మొద్దులు, 35 నిమిషాలు. సాయంత్రానికి పిక్క లాగడం మొదలైంది. మర్నాడు కాలి నొప్పి 6, మడమలు 10, ఆస్వెస్ట్రీ 42. ప్రమాద సూచనల ప్రశ్నలన్నీ మళ్లీ అడిగాం, అన్నిటికీ లేదన్నారు.

ఆయన కాగితాన్ని మీరలేదు. అరగంట అన్నాం, 35 నిమిషాలు చేశారు. తేలికపాటి అన్నాం, అలవాటున్న మనిషికి 20 కిలోల మొద్దు తేలికే. వ్యాయామంలో ఆ ముందు వారమంతా రోజుకు ఎత్తింది 12 కిలోల చొప్పున 20 సార్లు, అంటే 240 కిలోలు, అదీ 60 సెంటీమీటర్ల ఎత్తు నుంచి. ఆ రోజు ఎత్తింది 800 కిలోలు, నేల నుంచి. ఒక్క పూటలో మూడు రెట్లకు పైగా. పొద్దుటి గంట నియమం కూడా మొదటి రెండు వారాల చీటీలో ఉంది కానీ కొత్త కాగితంలోకి రాలేదు. అది ముగిసిపోయిందని ఆయన అనుకున్నారు. మందు చీటీలో "కొంచెం మాత్ర వేసుకోండి" అని ఎవరూ రాయరు. బరువు విషయంలో మేం రాసింది అలాంటిదే.

మళ్లీ రాసిన కాగితం

నాలుగు రోజులు తిరిగి నడక, బోర్లా కదలిక. నొప్పి 3కి దిగాక కొత్త కాగితం ఇచ్చాం. అందులో నిమిషాలు లేవు. ఒక్క ఎత్తు బరువు, రోజుకు ఎన్ని ఎత్తులు, ఏ ఎత్తు నుంచి అన్న మూడు అంకెలే ఉన్నాయి.

బరువు తెలియాలంటే కొలవాలి. వేలాడే స్ప్రింగు త్రాసు తెచ్చుకుని, ఒక్కో లావుకు ఒక మొద్దు చొప్పున తూచి, రంగుతో గీత పెట్టమన్నాం. మొద్దుల పొడవు 40 నుంచి 33 సెంటీమీటర్లకు తగ్గించమన్నాం, దాంతోనే బరువు ఆరో వంతు తగ్గింది. ఆ పొడవుకు పచ్చి మొద్దులు సుమారు ఇలా తూగుతాయి: అడ్డకొలత 15 సెంటీమీటర్లయితే 5.5 కిలోలు, 20కి 10, 25కి 15.5, 30కి 22, 40కి 39. లావు రెట్టింపైతే బరువు నాలుగింతలవుతుంది. కంటితో చూసి వేసే అంచనా ఇక్కడే తప్పుతుంది. అడ్డకొలత 25 సెంటీమీటర్లు దాటిన వాటికి ఎర్రగీత: ఎత్తకూడదు. పొడవాటి పిడి కొక్కెంతో దొర్లించాలి, లేదా పడున్నచోటే ఇనుప వెడ్జ్, సమ్మెటతో ఇంకొకరు నాలుగు ముక్కలు చేయాలి.

ఆరో వారం: 6 కిలోలు, 30 ఎత్తులు, 60 సెంటీమీటర్ల పైనుంచి. ఏడో వారం: 6 కిలోలు, 36 ఎత్తులు. ఎనిమిదిలో 8 కిలోలు, 32. తొమ్మిదిలో 10 కిలోలు, 30. రోజు మొత్తాన్ని వారానికి ఐదో వంతుకు మించి పెంచలేదు. బరువు పెంచిన వారం ఎత్తుల సంఖ్య తగ్గించాం. పదో వారం నుంచి ఎత్తును 60 నుంచి 40కి దించాం, ఆ వారం బరువు పెంచలేదు. మూడింటిలో రెండు ఒకే వారంలో పెంచితే, నొప్పి వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో తెలియదు.

ప్రతి ఉదయం ఒక పరీక్ష: కుడికాలి మీద మడమ ఎన్నిసార్లు లేస్తోంది? ముందురోజు కంటే మూడు తగ్గితే ఆ రోజు ఎత్తడం లేదు, నడక మాత్రమే. పని తర్వాత కాలి నొప్పి రెండు అంకెలదాకా పెరిగి మర్నాటి ఉదయానికి దిగిపోతే పరవాలేదు, అదే మోతాదు కొనసాగించవచ్చు. మర్నాటికీ ఉంటే ముందు వారం అంకెలకు వెనక్కి. నొప్పి అసలే రాకూడదని షరతు పెడితే ఈ రోగులు ఎప్పటికీ పని మొదలుపెట్టలేరు. "ఓర్చుకుని చేయండి" అంటే ఐదో వారం మళ్లీ వస్తుంది.

పనిచేసే చోట మార్పులు ఇవి. దుంగల్ని నేలమీద కోయడం మానేసి, ఎక్స్ ఆకారపు కాళ్లున్న నడుమెత్తు స్టాండు మీద కోత. లావు దుంగను స్టాండు మీదికి ఎత్తే పని ఇంకొకరిది. ట్రాలీని పక్కన కాకుండా ఎదురుగా, మూడు అడుగుల దూరంలో నిలిపారు. దగ్గరగా ఉంటే నడుము తిప్పి వేయాలనిపిస్తుంది, కాస్త నడవాల్సి వస్తే పాదాలే తిరుగుతాయి. చీల్చేటప్పుడు మొద్దును పాత టైరులో నిలబెట్టారు, చీలిన పేళ్లు అందులోనే నిలుస్తాయి కాబట్టి ప్రతి దెబ్బకూ వంగి ఏరుకోవడం తప్పింది. రంపం ఆపాక రెండు మూడు నిమిషాలు నడిచి, చేతులు నడుముకు పెట్టుకుని నాలుగైదుసార్లు వెనక్కి వంగి, అప్పుడే ఎత్తడం. అప్పుడు కూడా మొదటి పది తేలికవే. పొద్దున లేచిన గంట లోపు కట్టె ముట్టకూడదన్నది ఈసారి కాగితం పైభాగంలో, గడువు లేకుండా రాశాం.

ఎత్తే సార్లు ఆరు నుంచి నాలుగుకు తగ్గాయి. చీల్చే చోటునే దొంతి పక్కకు మార్చడంతో కుప్ప అన్న మజిలీ పోయింది. ట్రాలీలోంచి నేలకు దించకుండా నేరుగా చీల్చే దిమ్మ మీదికి తీసుకున్నారు. దొంతిని ఇంటి తలుపు పక్క చూరు కిందికి మార్చారు. రోజుకు కావలసిన కట్టె అక్కడినుంచి పొయ్యి దాకా చక్రాల బండి మీద వెళ్తుంది. వ్యాయామాల కంటే ఈ మార్పే ఆయన నడుముకు ఎక్కువ మేలు చేసిందని మా అంచనా.

గొడ్డలి ఎప్పుడన్నది ప్రతి వారం వచ్చే ప్రశ్న. వేగంగా వంగుతూ, చివర్లో ఒక్క కుదుపుతో ఆగే కదలిక అది. బరువెత్తడానికి సిద్ధమైన నడుము దానికి సిద్ధమైనట్టు కాదు. 10 కిలోలు 40 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 30 సార్లు ఎత్తినా మర్నాడు మడమల లెక్క తగ్గనప్పుడే మొదలుపెట్టాం, అది పదకొండో వారంలో. 2.5 కిలోల గొడ్డలితో, ముడులు లేని నిటారు నార పైన్ మీద, రోజుకు 20 దెబ్బలు. దెబ్బ పడే క్షణంలో మోకాళ్లు వంచి తుంటిని కిందికి దించాలి, నడుమును ముందుకు విసరకూడదు. ఇరుక్కున్న గొడ్డలిని మెలితిప్పి పీకకూడదు. పిడి చివర అరచేత్తో కిందికి కొట్టి వదులు చేయాలి, రాకపోతే మొద్దును పక్కకు దొర్లించి పక్కన పెట్టాలి.

ఎనిమిది, పద్నాలుగు వారాల్లో

ఎనిమిదో వారంలో మడమలు 16, ఆస్వెస్ట్రీ 20. ఆరో వారం దాటేసరికి మడమల సంఖ్య పైకే వెళ్తోంది కాబట్టి స్కాన్ అవసరం రాలేదు. పద్నాలుగో వారంలో కాలి నొప్పి 0 నుంచి 1, ఆస్వెస్ట్రీ 10, కుడికాలి మడమలు 22. కుడి మడమ రిఫ్లెక్స్ (సుత్తితో తట్టినప్పటి స్పందన) మాత్రం తిరిగి రాలేదు. బలం, నొప్పి బాగయ్యాక కూడా అది రాకపోవచ్చు, దానికోసం చికిత్స పొడిగించనక్కర్లేదని ఆయనకు చెప్పాం. పాదం అంచున వేలిముద్రంత చోట ఇంకా మొద్దుగా ఉంది.

2.5 ఘనమీటర్లలో 2.2 చీలి దొంతికెక్కాయి. మిగిలినది లావు మొద్దులు, ఎర్రగీతవి. ఓక్ దుంగలు అడ్డకర్రల మీద అలాగే ఉన్నాయి. వాటిని వచ్చే సీజన్ మొదటి వారంలో, స్టాండు మీద 33 సెంటీమీటర్ల ముక్కలుగా కోయాలని, మొదటి వారం రోజుకు 240 కిలోలు దాటకూడదని, మడమల లెక్క ఆ వారమంతా రాసి ఉంచాలని చివరి కాగితంలో రాశాం.